స్ఫురణకూ ఒక ఊరుంది: సాఫ్ట్‌వేర్ రూపకల్పనలో అనుభవజ్ఞానం

సాఫ్ట్‌వేర్ రూపకల్పన ముందుగా తెలియని సంగతుల మీద ముందుగానే నిర్ణయాలు తీసుకోవలసిన పని. ఏ సమాచారాన్ని ఏ రూపంలో నిలవ చేయాలి, పనిని ఎన్ని భాగాలుగా విడగొట్టాలి, ఒక భాగంలోని ఏ వివరం మరొక భాగానికి తెలియకుండా దాచాలి అనే ప్రశ్నలకు, ఆ వ్యవస్థను వాడబోయే జనం ఇంకా దాని ముఖం చూడకముందే జవాబులు కుదిరిపోవాలి. ఎదుట ఉన్న మార్గాలన్నింటినీ ఒక్కొక్కటిగా కట్టి చూసి మేలైనదాన్ని ఏరుకునేందుకు కాలం గాని, ధనం గాని ఏ సంస్థకూ చాలవు కనుక, అనుభవజ్ఞుడైన రూపకర్త వాటిలో చాలా మార్గాలను పరిశీలించకుండానే పక్కకు నెట్టి, మిగిలిన రెండు మూడింటి మీదనే ఆలోచన నిలుపుతాడు. కారణాలన్నీ వరుసగా పేర్చుకోకముందే ఇది కుదురుతుందని, ఇది బెడిసికొడుతుందని మనసుకు తట్టే ఈ ఎరుకనే స్ఫురణ అంటారు.

శాస్త్రీయ దృష్టి ఎరగని మాటగా స్ఫురణను తోసిపుచ్చేవారూ, ప్రతిభావంతులకు మాత్రమే దక్కే వరంగా కొనియాడేవారూ కంప్యూటర్ రంగంలో సమానంగా కనిపిస్తారు. గత ఎనభై సంవత్సరాలలో మనస్తత్వశాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధనలు ఈ రెండు అభిప్రాయాలనూ సమర్థించవు. స్ఫురణ నేర్చుకున్న విద్యే. అది ఎక్కడి అనుభవంతో పెరిగిందో అక్కడ చక్కగా పనిచేస్తుంది, ఆ హద్దు దాటిన తరువాత కూడా అంతే ధీమాతో పలుకుతుంది. చిక్కంతా ఆ ధీమాలో ఉంది.

2.30 అంటే ఎన్ని ఎకరాలు?

బాపట్ల జిల్లాలోని అమృతలూరు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల కింద వరి పండే మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతంలో పొలం విస్తీర్ణాన్ని ఎకరాలు, సెంట్లలో చెబుతారు. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. రెండు ఎకరాల ముప్పై సెంట్ల చేనును 2.30 అని రాసుకుంటే, ఆ రాత బడిలో నేర్చుకున్న దశాంశ సంఖ్యతో పూర్తిగా కలిసిపోతుంది, దానికి 1.20 కలిపితే వచ్చే 3.50ని మూడు ఎకరాల యాభై సెంట్లు అని చదువుకోవడంలో ఏ ఇబ్బందీ లేదు. ఈ నేల మీద పెరిగిన రూపకర్తకు భూమి వివరాలు నిలవ చేసే డేటాబేస్‌లో, అంటే సమాచారాన్ని పట్టికలుగా భద్రపరిచే వ్యవస్థలో, విస్తీర్ణానికి ఒక దశాంశ గడి చాలునని వెంటనే స్ఫురిస్తుంది. ఆ స్ఫురణ అమృతలూరుకే గాక తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలకు కూడా చక్కగా సరిపోతుంది.

అదే వ్యవస్థను తెలంగాణకు తీసుకువెళితే లెక్క తప్పుతుంది. అక్కడ ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు, 2.30 అని రాస్తే రెండు ఎకరాల ముప్పై గుంటలని అర్థం, అంటే దశాంశ భాషలో 2.75 ఎకరాలు. దానికి ఒక ఎకరం ఇరవై గుంటలు కలిపితే నాలుగు ఎకరాల పది గుంటలు రావాలి, కాని దశాంశ గడి 3.50 అని చూపుతుంది. దానిని మూడున్నర ఎకరాలని చదివితే ముప్పై గుంటల భూమి కాగితం మీద మాయమవుతుంది. మూడు ఎకరాల యాభై గుంటలని చదివితే, అటువంటి రాత ఏ పహాణీలోనూ, అంటే అక్కడి భూమి రికార్డులోనూ, ఉండదు. తప్పు కూడికలో లేదు, కోడ్‌లోనూ లేదు. ఒక ప్రాంతపు అనుభవంలో నూటికి నూరుపాళ్లు నిజమైన భావన, తాను ఒక ప్రాంతానికే చెందినదని తెలియక, మరొక ప్రాంతం మీద తీర్పు చెప్పింది.

సర్వే నంబరు విషయంలోనూ ఇటువంటి వల ఉంది. పేరులోనే నంబరు ఉంది గనుక దానికి పూర్ణాంకాల గడి కేటాయించాలని తోస్తుంది. కాని భూమి పంపకాలతో ఒక నంబరు 45-2, ఆ తరువాత 45-2ఏ, 45-2బీ అని చీలుతూ పోతుంది. కూడడానికి, తీసివేయడానికి పనికిరాని అంకె నిజానికి ఒక పేరు, దానిని అక్షరాల వరుసగానే నిలవ చేయాలి. ఇంటిపేరును ముందు రాసి, దానిని పొడి అక్షరాలకు కుదించే తెలుగువారి అలవాటును ఎరగనివారు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు పెట్టి, రెండింటినీ తప్పక నింపాలని నిబంధన విధించినప్పుడు జరిగేదీ ఇదే.

గుర్తింపే స్ఫురణ

స్ఫురణ లోగుట్టును తెలుసుకునే ప్రయత్నాలు సాఫ్ట్‌వేర్‌తో గాక చదరంగంతో మొదలయ్యాయి. ఆడ్రియాన్ డి గ్రూట్ అనే డచ్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1946లో వెలువరించిన గ్రంథంలో, ఉద్దండులైన ఆటగాళ్లు సాధారణ ఆటగాళ్లకంటే ఎన్నో ఎత్తులు ఎక్కువగా ముందుకు చూడరని, మేలైన ఎత్తు వారికి మొదటి చూపులోనే కళ్లబడుతుందని గమనించాడు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో ఈ పరిశీలనను మరింత పదునుగా పరీక్షించారు. నిజమైన ఆటలోని ఒక ఘట్టాన్ని ఐదు సెకన్లపాటు చూపి తిరిగి పేర్చమంటే, మాస్టర్ స్థాయి ఆటగాడు మొదటి ప్రయత్నంలోనే సుమారు 16 పావులను సరైన గడులలో పెట్టగా, కొత్తవాడు నాలుగింటి దగ్గర ఆగిపోయాడు. అవే పావులను బల్ల మీద అడ్డదిడ్డంగా చల్లి చూపినప్పుడు మాస్టర్‌కు ఆ ఆధిక్యం మిగలలేదు.

దీని నుంచి తేలిన సంగతి సులభమైనదే అయినా దూరం పోయేది. మాస్టర్ జ్ఞాపకశక్తి అసాధారణమైనదేమీ కాదు. అతడు బల్లను విడివిడి పావులుగా గాక, ఎన్నో ఆటలలో ఎదురైన పావుల కూర్పులుగా చూస్తాడు. గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి వంటి గ్రాండ్‌మాస్టర్లు చిన్నతనం నుంచీ వేలాది ఆటలు ఆడుతూ, విశ్లేషిస్తూ కూడబెట్టుకునేది ఈ కూర్పుల నిధినే. అటువంటి కూర్పులు ఒక మాస్టర్ మనసులో సుమారు 50,000 వరకు ఉండవచ్చునని సైమన్ బృందం అంచనా కట్టింది. ఎదుట ఉన్న పరిస్థితిలో తెలిసిన కూర్పు ఒకటి కనబడగానే దానికి ముడిపడిన జవాబు కూడా స్మృతి నుంచి పైకి వస్తుందని, స్ఫురణ అంటే ఇటువంటి గుర్తింపేనని సైమన్ నిర్ధారించాడు.

ప్రోగ్రాములు రాసేవారిలోనూ ఇదే ధోరణి బయటపడింది. 1981లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కేథరిన్ మెకీథెన్, ఆమె సహచరులు నిపుణులకు, నడిమి స్థాయి వారికి, కొత్తవారికి ప్రోగ్రాములు చూపి గుర్తున్నంత తిరిగి రాయమన్నారు. వరుస సరిగా ఉన్న ప్రోగ్రామును నిపుణులు చాలా మేలుగా గుర్తుపెట్టుకున్నారు; వాక్యాల వరుసను కలగాపులగం చేసినప్పుడు వారి పైచేయి పోయింది. 1984లో ఎలియట్ సోలోవే, కేట్ ఎర్లిక్ మరొక మెట్టు ఎక్కారు. సరిగ్గా పనిచేసేవే అయినా, ప్రోగ్రామర్లు సాధారణంగా పాటించే ఆనవాయితీలను ఉల్లంఘించిన ప్రోగ్రాములను వారు అనుభవజ్ఞులకు ఇచ్చి చూడగా, వారి పనితనం కొత్తవారి స్థాయికి దగ్గరగా దిగిపోయింది. అనుభవజ్ఞుడి వేగమంతా ఆనవాయితీ మీద ఆధారపడి ఉందని దీనివల్ల స్పష్టమైంది.

కోడ్ చూడగానే ఎక్కడో ఏదో కుదరలేదని అనిపించే భావనకు కెంట్ బెక్ కోడ్ వాసన అని పేరు పెట్టగా, మార్టిన్ ఫౌలర్ 1999లో వెలువరించిన పుస్తకం ద్వారా ఆ మాట రంగమంతటా వ్యాపించింది. ఒకే లెక్క నాలుగు చోట్ల కనబడడం, ఒక చిన్న మార్పు కోసం పది ఫైళ్లు తెరవవలసి రావడం, ఒక భాగం ఎప్పుడూ పక్క భాగపు వివరాలలోనే వేళ్లు పెట్టడం వంటివి ఆ వాసనలలో కొన్ని. వీటిని పేర్లతో జాబితాగా కూర్చడం వల్ల, అంతవరకు పెద్దవారి మనసులో మూటకట్టి ఉన్న గుర్తింపు చిన్నవారికి పాఠంగా అందింది. స్ఫురణ నేర్పదగినదేనని చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు అక్కరలేదు.

ఎప్పుడు నమ్మవచ్చు?

స్ఫురణ గుర్తింపే అయితే, ఆ గుర్తింపు సరైనదో కాదో తేల్చే షరతులు ఏమిటన్నది తరువాతి ప్రశ్న. నిపుణుల తీర్పులలోని పొరపాట్లను వెలికితీసిన డేనియల్ కానెమాన్, మంటలార్పే దళాల నాయకులు క్షణాలలో తీసుకునే సరైన నిర్ణయాలను అధ్యయనం చేసిన గ్యారీ క్లైన్, మొదట ఎదురెదురు పక్షాల వారు. వారిద్దరూ కొన్నేళ్లు కలిసి చర్చించి 2009లో ఒక ఉమ్మడి వ్యాసం ప్రచురించారు. వారు ఒప్పుకున్న షరతులు రెండు: పని జరిగే పరిసరంలో నిలకడైన క్రమం ఉండాలి, ఆ క్రమాన్ని నేర్చుకునేందుకు తగినంత అభ్యాసమూ, ప్రతి నిర్ణయానికీ త్వరగా స్పష్టమైన ఫలితమూ అందాలి. తీర్పు చెప్పేవాడికి తన తీర్పు మీద ఎంత నమ్మకం ఉందన్నది ఆ తీర్పు నాణ్యతకు కొలమానం కాదని కూడా వారు అంగీకరించారు.

కృష్ణా డెల్టాలో వరి మాగాణి మినుము వేసే రైతుకు ఈ రెండు షరతులూ సమకూరుతాయి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే మినుము వెదజల్లడం ఇక్కడి పద్ధతి. నేలలో పదును మించితే విత్తనం కుళ్లుతుంది, తగ్గితే మొలకెత్తదు. రైతు మడిలో అడుగుపెట్టి పదును తెలుసుకుంటాడు, వారం తిరగకముందే మొలక శాతం అతడి అంచనాను మెచ్చుకుంటుంది లేదా తప్పుపడుతుంది, ఏటేటా అదే నేల మీద ఆ పాఠం కొనసాగుతుంది. సాఫ్ట్‌వేర్ రూపకర్తకు ఈ భాగ్యం పాక్షికంగానే దక్కుతుంది. ఒక వాక్యం తప్పుగా రాస్తే కంపైలర్, అంటే మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనం, క్షణాలలో పట్టిస్తుంది. ఒక చిన్న భాగం తప్పితే పరీక్షలు నిమిషాలలో చెబుతాయి. కాని వ్యవస్థను ఏ ముక్కలుగా విడగొట్టాలన్న నిర్ణయం మంచిదో చెడ్డదో తేలడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, అప్పటికి ఆ నిర్ణయం తీసుకున్న మనిషి మరొక పనికో, మరొక సంస్థకో వెళ్లిపోయి ఉంటాడు. ఫలితం చూడని అనుభవం ఎన్నేళ్లు గడిచినా స్ఫురణను దిద్దదు. పదేళ్ల అనుభవం ఉన్న ఇద్దరిలో, తాను కట్టిన వ్యవస్థను తానే పోషించినవాడి రూపకల్పనా స్ఫురణ ఎక్కువ నమ్మదగినదని చెప్పడానికి ఇదే ఆధారం.

తెలుగు అక్షరం ముందు తడబడిన యంత్రం

హద్దు దాటిన స్ఫురణకు తెలుగు లిపి చక్కని పరీక్షాస్థలం. రోమన్ లిపి మీద రాతకోతలు నేర్చిన ప్రోగ్రామర్‌కు తెరమీద కనిపించే ఒక అక్షరం జ్ఞాపకంలో ఒక సంకేతం అని, ఆ సంకేతం ఒక బైట్‌లో, అంటే కంప్యూటర్ నిలవలోని ఎనిమిది బిట్ల ముక్కలో, ఇమిడిపోతుందని అనిపిస్తుంది. ప్రపంచ లిపులన్నింటికీ సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ అనే ప్రమాణంలో తెలుగుకు 128 స్థానాలున్నాయి. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, వత్తులు కలిపే పొల్లు విడివిడి సంకేతాలుగా ఉంటాయి. ఆ లెక్కన అమృతలూరు అనే పేరు కంటికి ఐదు అక్షరాలు, యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు, విరివిగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో నిలవ చేస్తే 24 బైట్లు. స్త్రీ అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాలు, 18 బైట్లు. పేరుకు 20 బైట్ల గడి చాలునని తోచిన రూపకర్త చేతిలో అమృతలూరు అనే ఊరి పేరే చివరి అక్షరం దగ్గర తెగిపోతుంది. కర్సర్‌ను ఒక అక్షరం వెనక్కి జరపడం, పొడవు లెక్కించడం, పదాన్ని రెండు వరుసలుగా విరవడం వంటి పనులన్నింటిలోనూ అదే పొరపాటు వేషం మార్చుకుని వస్తుంది.

ఈ చిక్కు ఎంత దూరం పోగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. విజ్ఞానం, జ్ఞాపకం వంటి నిత్య వాడుక పదాలలోని జ్ఞ అక్షరానికి దీర్ఘం చేర్చి, మధ్యలో కంటికి కనిపించని ఒక విభజక సంకేతం ఉంచిన వరుసను చూపబోయి, ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఫోన్లలోని అనువర్తనాలు కూలిపోయాయి. సందేశాన్ని తెరవనక్కరలేదు, దాని నోటిఫికేషన్ తెరమీద కనబడితే చాలును. ఆ నెల 19న విడుదలైన 11.2.6తో సంస్థ దానిని సరిచేసింది. హల్లుల కూడిక, గుణింతం, అదృశ్య సంకేతం మూడూ ఒకచోట కలిసే అరుదైన సందర్భం ఆ అక్షరాలను చిత్రించే భాగం అంచనాకు అందలేదు. తెలుగు రాసేవారికి అక్షరాలు ఇలా పేరుకోవడం పుట్టుకతో తెలిసినదే. అక్షరానికి అక్షరం పక్కపక్కన నిలిచే లిపులలో పెరిగిన స్ఫురణకు అది మూలనున్న మినహాయింపుగా తోస్తుంది.

కాటూరు రాజ్‌రెడ్డి, నల్లబల్ల

రూపకల్పనా స్ఫురణ గొప్ప ఫలితం ఇవ్వడమూ, పరీక్ష ముందు తలవంచడమూ ఒకే ప్రయోగశాలలో, ఒక తెలుగువాడి నాయకత్వంలో కనిపిస్తాయి. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి, లోకమెరిగిన పేరుతో రాజ్‌రెడ్డి, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ పర్యవేక్షణలో డాక్టరేట్ పొంది, 1969లో కార్నెగీ మెలన్‌లో చేరాడు. చదరంగ పరిశోధన సాగిన అదే విశ్వవిద్యాలయంలో, సైమన్, అలెన్ న్యూవెల్ సహచర్యంలో, మనిషి మాటను యంత్రం అర్థం చేసుకునే వ్యవస్థల మీద ఆయన పనిచేశాడు.

మాట వినడంలో ధ్వని, అక్షరం, పదం, వ్యాకరణం, అర్థం వంటి ఎన్నో అంచెల తెలివి కలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ తానుగా నిశ్చయం చెప్పలేదు. వీటిని ఎలా పేర్చాలన్న ప్రశ్నకు, ఒక నల్లబల్ల చుట్టూ కూర్చున్న నిపుణులు తమకు తోచింది దాని మీద రాస్తూ, ఇతరులు రాసినది చూసి ముందుకు సాగినట్లు ఉండాలన్న ఊహ న్యూవెల్ రచనలలో 1962 నాటికే ఉంది. రాజ్‌రెడ్డి, లీ ఎర్మన్, విక్టర్ లెసర్, ఫ్రెడరిక్ హేస్-రోత్ మొదలైనవారు ఆ ఊహకు ప్రోగ్రాము రూపం ఇచ్చి హియర్‌సే-2 వ్యవస్థను నిర్మించారు. ప్రతి తెలివినీ ఒక స్వతంత్ర భాగంగా ఉంచి, భాగాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడకుండా, ఉమ్మడి బల్ల మీది ఊహల ద్వారానే సహకరించుకునే ఈ ఏర్పాటును నల్లబల్ల నిర్మాణం అంటారు. ఇలాగే ఉండాలని నిరూపించిన సిద్ధాంతం ఏదీ అప్పటికి లేదు. సమస్య స్వభావం తెలిసినవారికి కుదురుగా తోచిన రూపం అది.

అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ డార్పా 1971లో మొదలుపెట్టిన ఐదేళ్ల పథకం, సుమారు వెయ్యి పదాల పదజాలంతో, పదిశాతం లోపు పొరపాట్లతో వాక్యాలను అర్థం చేసుకునే వ్యవస్థ కావాలని ముందుగానే గీత గీసింది. 1976లో ఆ గీతను పూర్తిగా అందుకున్నది హియర్‌సే-2 కాదు, అదే ప్రయోగశాలలో బ్రూస్ లోవర్ తన డాక్టరేట్ పరిశోధనగా నిర్మించిన హార్పీ. అది వేర్వేరు తెలివులను విడిగా ఉంచక, పదజాలాన్ని, వ్యాకరణాన్ని, ఉచ్చారణను ముందుగానే సుమారు 15,000 స్థితుల వలగా కుదించి, విన్న ధ్వనికి దగ్గరగా ఉన్న కొద్ది దారులనే పట్టుకుని మిగతావాటిని విడిచిపెడుతూ వెతికింది. ఈ పద్ధతిని కిరణ శోధన అనవచ్చు. 1,011 పదాలతో హార్పీ 95 శాతం వాక్యాలను సరిగా గ్రహించగా, హియర్‌సే-2 సుమారు 90 శాతం దగ్గర నిలిచింది. మనసుకు అందంగా తోచిన నిర్మాణం ఒకటి, కొలతకు నిలిచిన నిర్మాణం మరొకటి అయ్యాయి. తరువాత వచ్చిన మాట గుర్తింపు వ్యవస్థలు సంభావ్యతా వలల దారినే పట్టాయి. ఆ దారిలో 1980ల చివర వచ్చిన స్ఫింక్స్ వ్యవస్థను నిర్మించిన కై-ఫూ లీ కూడా రాజ్‌రెడ్డి శిష్యుడే.

నల్లబల్ల ఆలోచన మాత్రం వ్యర్థం కాలేదు. అరకొర ఆధారాలను పలు కోణాల నుంచి పోగుచేయవలసిన ఇతర సమస్యలలో దానిని వాడారు, 1990లలో సాఫ్ట్‌వేర్ నిర్మాణ నమూనాలను వర్గీకరించిన గ్రంథాలలో అది శాశ్వత స్థానం సంపాదించుకుంది. రాజ్‌రెడ్డికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి, కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఆ ప్రయోగశాల గొప్పతనం దాని స్ఫురణలన్నీ నిజం కావడంలో లేదు. పోటీపడే రెండు స్ఫురణలకు ఒకే కప్పు కింద చోటిచ్చి, ముందుగా రాసిపెట్టుకున్న కొలత ముందు రెండింటినీ నిలబెట్టడంలో ఉంది.

స్ఫురణ పదేపదే తప్పే చోట్లు

కొన్ని ప్రశ్నలలో స్ఫురణ ఎప్పుడో ఒకసారి గాక, ఒక పద్ధతి ప్రకారం తప్పుతుంది. ప్రోగ్రాము ఎక్కడ నెమ్మదిస్తోందన్న అంచనా వాటిలో మొదటిది. డొనాల్డ్ నూత్ 1971లో ప్రచురించిన పరిశీలనలో, ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాములు నడిచే కాలంలో సగానికి పైగా వాటిలోని నాలుగు శాతం కంటే తక్కువ భాగంలోనే ఖర్చవుతున్నట్లు తేలింది. ఆ కొద్ది భాగం ఏదన్నది రాసినవారి ఊహకు తరచుగా అందదు. కొలిచే సాధనం చేతిలో ఉండగా ఊహించడం ఈ విషయంలో సమర్థనీయం కాదు.

రెండవది, పదిమందికీ ఒకేలా తోచినది నిజమై ఉంటుందన్న నమ్మకం. ఒకే పనికి వేర్వేరు మనుషుల చేత విడివిడిగా ప్రోగ్రాములు రాయించి, వాటి జవాబులను సరిపోల్చుకుంటే పొరపాట్లు రద్దవుతాయన్న భావనను జాన్ నైట్, నాన్సీ లెవెసన్ 1986లో పరీక్షించారు. రెండు విశ్వవిద్యాలయాలలో విడివిడిగా రాయించిన 27 ప్రోగ్రాములను పది లక్షల పరీక్షలకు గురిచేయగా, ఒకే పరీక్షలో పలు ప్రోగ్రాములు కలిసి తప్పడం, అవి పరస్పరం సంబంధం లేనివైతే ఉండవలసిన స్థాయిని మించిపోయింది. ఒకే రకం చదువు చదివినవారికి కష్టమైన చోట్లు కూడా ఒకటేనని, వారి ఏకాభిప్రాయం ఆధారాన్ని రెట్టింపు చేయదని దీని సారాంశం.

మూడవది, వ్యవస్థను ముక్కలు చేసే తీరు. డేవిడ్ పార్నాస్ 1972లో, ఆయన కూడా కార్నెగీ మెలన్‌లో ఉన్న రోజులలో, ఒక సూచిక తయారుచేసే చిన్న ప్రోగ్రామును రెండు విధాలుగా విడగొట్టి చూపాడు. చదవడం, తిప్పడం, వరుసలో పెట్టడం, అచ్చువేయడం అని పని జరిగే క్రమంలో విడగొట్టడం ఎవరికైనా మొదట తోచే మార్గం; కాని అలా చేస్తే, వాక్యాలను నిలవ చేసే పద్ధతి మార్చవలసి వచ్చిన రోజున భాగాలన్నింటినీ తిరగరాయాలి. ఏ నిర్ణయం భవిష్యత్తులో మారవచ్చో ముందుగా జాబితా వేసి, అటువంటి ఒక్కొక్క నిర్ణయాన్ని ఒక్కొక్క భాగంలో దాచాలని పార్నాస్ ప్రతిపాదించాడు. దీనినే సమాచార గోపనం అంటారు.

ఈ సూత్రం ఎకరాల చిక్కుకు నేరుగా మందు చెబుతుంది. చదరపు గజంలో పదో వంతును కనిష్ఠ ప్రమాణంగా తీసుకుంటే సెంటు 484, గుంట 1,210, ఎకరం 48,400 అని అన్నీ పూర్ణాంకాలవుతాయి. విస్తీర్ణాన్ని ఆ ప్రమాణంలో నిలవ చేసి, అమృతలూరులో సెంట్లుగా, తెలంగాణలో గుంటలుగా చూపే బాధ్యతను ఒక్క భాగానికి అప్పగిస్తే, కొలమానం గురించి రూపకర్తకు తోచినది తప్పయినా, ఆ తప్పు ఒక్క గదిలోనే మిగులుతుంది. స్ఫురణ తప్పవచ్చునని ముందే ఒప్పుకుని కట్టిన రూపకల్పన ఇది.

వాడుకునే పద్ధతి

ఇంతవరకు చూసినదాని నుంచి ఆచరణకు పనికివచ్చే క్రమం ఒకటి ఏర్పడుతుంది. మార్గాలను ప్రతిపాదించడంలోనూ, పనికిరానివాటిని తొలగించడంలోనూ స్ఫురణకు స్వేచ్ఛ ఇవ్వాలి, ఎందుకంటే ఆ పనికి దానితో పోటీపడే గణితం ఇంకా లేదు. తేలికగా వెనక్కి తీసుకోదగిన నిర్ణయాలలో, అంటే తెరమీది అమరిక, ఒక చిన్న భాగపు లోపలి తీరు వంటివాటిలో, దాని మాట విని ముందుకు సాగి, ఫలితం చూసి దిద్దుకోవడమే చౌక. నిలవ చేసే సమాచార రూపం, ఇతర వ్యవస్థలతో చేసుకునే ఒడంబడిక వంటివి లక్షలాది రికార్డులు చేరిన తరువాత మార్చడం మహా ఖర్చు గనుక, అక్కడ స్ఫురణను ఒక ఊహగా రాసి, పరీక్ష పెట్టిన తరువాతే స్వీకరించాలి.

ఆ పరీక్షకు సాధనాలున్నాయి. పని మొదలుకాకముందే అది ఘోరంగా విఫలమైందని అనుకుని, అందుకు కారణాలను బృందంలోని ప్రతివారి చేతా రాయించే పద్ధతిని క్లైన్ ప్రచారం చేశాడు. ధీమా వెనుక దాగిన అనుమానాలు బయటపడడానికి అది తోడ్పడుతుంది. ఏ నిర్ణయం ఏ పరిస్థితులలో, ఏ ఊహల ఆధారంగా తీసుకున్నారో ఒకటి రెండు పుటలకు మించకుండా నమోదు చేసే ఆచారాన్ని మైకేల్ నైగార్డ్ 2011లో ప్రతిపాదించాడు. రెండేళ్ల తరువాత ఆ నమోదును తిరిగి చదివితే, తోచినది ఏమిటో, జరిగినది ఏమిటో పక్కపక్కన కనిపిస్తాయి. మడిలో మొలక చేసే పనిని సాఫ్ట్‌వేర్‌లో ఆ కాగితం చేస్తుంది. అన్నింటికంటే చౌకైన పరీక్ష మాత్రం పరాయి ప్రాంతపు నిజమైన సమాచారం: గుంటలలో రాసిన పహాణీ, పొడి అక్షరంగా మిగిలిన ఇంటిపేరు, 45-2ఏ వంటి సర్వే నంబరు, జ్ఞ, స్త్రీ వంటి అక్షరాలు ఉన్న పేర్లను మొదటి వారంలోనే వ్యవస్థకు తినిపిస్తే, సంవత్సరాల తరువాత బయటపడవలసిన లోపాలు సాయంత్రానికి బయటపడతాయి.

ప్రభుత్వ సేవలు, బ్యాంకులు, పంటల నమోదు అన్నీ ఫోన్లకు మారుతున్న ఈ కాలంలో, తెలుగు పల్లెల కోసం వాడే వ్యవస్థలు చాలావరకు ఆ పల్లెల లెక్కలు తెలియనివారి చేతుల మీదుగా రూపొందుతున్నాయి. వారి ప్రతిభలో లోటు లేకపోవచ్చు. లోటు వారి స్ఫురణ తిన్న అన్నంలో ఉంది. గ్రామ సచివాలయంలో అడంగల్ అనే పొలం రికార్డును చూసే ఉద్యోగికి, తెనాలిలో పత్రికలు కూర్చే డీటీపీ ఆపరేటరుకు రోజూ ఎదురయ్యే మినహాయింపులను రూపకల్పన మొదటి సమావేశంలోనే వినగలిగితే ఆ లోటు పూడుతుంది. అందుచేత ఈ పని నేర్చుకునే విద్యార్థి తనకు ఏమి తోచిందన్నదానితో ఆగక, అది ఎవరి లెక్కలు, ఎవరి లిపి, ఎవరి అలవాట్లు చూసి తోచిందన్నది కూడా అడగడం అలవరచుకోవాలి. ఆ రెండవ ప్రశ్నకు జవాబు దొరికితే, మొదటి జవాబును ఎంత దూరం నమ్మవచ్చో తెలిసిపోతుంది.